జాబితాలో లేని ముప్పై ఒకటి

"ముప్పై ఒకటో నంబరు ఫోను ఎందుకు విప్పావమ్మా?"

లైన్‌మాన్ ఆ ప్రశ్న అడగడం అది మూడోసారి. మూడుసార్లూ ఒకటే జవాబు వచ్చింది.

"మర వదులుగా కనిపించింది సార్."

ఆమె అతని కళ్ళలోకి చూడలేదు. మెడలో నల్లతాడుకి వేలాడుతున్న రబ్బరు ముద్రని బొటనవేలితో రాస్తూ కూర్చుంది. ఇన్‌స్పెక్షన్ సెక్షన్‌లో ఎవరినీ పేరు పెట్టి పిలవరు. ముద్ర నంబరే పేరు. ఆమె పదిహేడు. తొమ్మిదేళ్ళుగా పదిహేడు.

సెక్యూరిటీ ఆఫీసు పక్కనున్న ఆ గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి ఒక గడియారం ఉన్నాయి. టైము రెండూ పది. నాలుగింటికి పోలీసులు వస్తారు. నాలుగున్నరకి సరుకు లారీ బయల్దేరుతుంది. ఆ రెంటిలో ఏది ముందు ఆపాలో లైన్‌మాన్‌కి ఇంకా తేలలేదు.

ఆ ఫ్యాక్టరీ ప్రభుత్వానిది. టెలిఫోన్ ఎక్స్చేంజీల దగ్గర్నుంచి సైన్యం వాడే వైర్‌లెస్ దాకా అన్నీ అక్కడే తయారవుతాయి. ఇప్పుడు గొడవ రహస్య ఫోన్ల గురించి. ఆ ఫోను లోపల అరచేతిలో సగం ఉండే ఒక కార్డు ఉంటుంది. మనం మాట్లాడిన మాటని అది ముక్కలు ముక్కలు చేసి పంపుతుంది. మధ్యలో ఎవడు విన్నా వాడికి గరగర తప్ప ఇంకేమీ వినపడదు. ఈ వారం సైన్యానికి వెళ్ళాల్సినవి నలభై ఎనిమిది ఫోన్లు. ఈ ఉదయం తొమ్మిదింటికి, ముప్పై ఒకటో ఫోనులో ఉన్నది దొంగ కార్డు అని పదిహేడే కనిపెట్టింది. తనే పైకి చెప్పింది. పదింటికల్లా సెక్యూరిటీ చీఫ్ ఆమెని ఈ గదిలో కూర్చోబెట్టాడు. ఎందుకంటే ఆ దొంగ కార్డు మీద ఉన్న ముద్ర కూడా పదిహేడే.

సెక్యూరిటీ చీఫ్ మాట మీద నమ్మకం చాలక, పదకొండింటికి జనరల్ మేనేజరు ప్రైవేటు డిటెక్టివ్‌కి కబురు పెట్టింది. ఆ డిటెక్టివ్ ఒకప్పుడు ఇరవై ఏళ్ళు టెలిఫోన్ స్తంభాలెక్కినవాడు. ఉద్యోగం వదిలినా లైన్‌మాన్ అన్న పిలుపు వదల్లేదు. చొక్కా జేబులో స్క్రూడ్రైవరూ వదల్లేదు.

లైన్‌మాన్ రెండు కాగితాలు బల్ల మీద పెట్టాడు.

"ఇది ఈరోజు జాబితా. నలభై ఎనిమిదిలో మూడు విప్పి చూడాలి. అయిదు, ఇరవై, నలభై. ముప్పై ఒకటి ఇందులో లేదు. ఇదేమో నువ్వు రాసిన రిపోర్టు. 'మరలు' అని ఉన్నచోట ఏం రాశావో చదువు."

ఆమె చదవలేదు. చదవకపోయినా తెలుసు.

"'అన్నీ బిగువుగా ఉన్నాయి' అని రాశావు. నీ నోరు అబద్ధం ఆడుతోంది గానీ నీ చెయ్యి ఆడలేకపోయిందమ్మా. చెప్పు. నేను పోలీసుని కాదు. నాలుగింటికి వచ్చేవాళ్ళు ఇంత ఓపిగ్గా అడగరు."

పదిహేడు గొంతు తగ్గించి మొదలుపెట్టింది.

"జాబితాలో లేని ఫోను విప్పడం తప్పు సార్. మిగతావాటికి వేడిగదిలోంచి రాగానే సీలు వేస్తారు. అది పగిలితే ఆ ఫోను మళ్ళీ రెండ్రోజులు వేడిగదిలో ఉండాలి. ఉద్యోగం పోయేంత తప్పు. కానీ ప్రతి బ్యాచ్‌లోనూ ఒకటి విప్పుతాను. మళ్ళీ సీలు నేనే వేస్తాను. ఎవరికీ తెలీదు."

"ఎందుకు?"

"మా అత్తయ్య నేర్పింది. ఆవిడా ఈ కంపెనీయే. చెక్‌పోస్టుకెళ్ళే రోడ్డులో పదకొండో కిలోమీటరు దగ్గర తీగచుట్టలు చేసే పాత కాయిల్ షెడ్డు ఉండేది, ఇప్పుడు మూసేశారు. అక్కడ ఇన్‌స్పెక్టరుగా చేసింది. జాబితా రాసేవాడూ మనిషే కదే, వాడికి తెలియనిది ఒకటి చూడు అనేది. ఇప్పుడావిడకి మతిమరుపు. నా మొహం కూడా ఒక్కోరోజు గుర్తుపట్టదు. అంకెలు మాత్రం పోలేదు. బ్యాచ్ వచ్చిన రోజు పొద్దున్నే అడుగుతాను, అత్తయ్యా, నలభై ఎనిమిది లోపు ఒక అంకె చెప్పు అని. ఈ పొద్దున ముప్పై ఒకటి అంది."

లైన్‌మాన్‌కి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. కోర్టులో ఈ మాట చెబితే జడ్జీ గారు ఆపుకోరు.

"విప్పగానే దొంగదని ఎలా తెలిసింది?"

"కార్డుకి వార్నిష్ పూస్తాం సార్. పూసినప్పుడు గాజులా ఉంటుంది. వేడిగదిలో రెండ్రోజులుంటే తేనెరంగు తిరుగుతుంది. ఇది కాగితాల్లో ఎక్కడా రాసుండదు, రోజూ విప్పేవాళ్ళకే తెలుసు. ముప్పై ఒకటి గాజులానే ఉంది. అంటే అది మా వార్నిష్ కాదు."

"ఒక కార్డు తీసి ఇంకోటి పెట్టడానికి ఎంతసేపు పడుతుంది?"

"అలవాటున్న చెయ్యయితే యాభై సెకన్లు. నాలుగు మరలే కదా."

అతను జేబులోంచి నోట్‌బుక్కు తీసి ఖాళీ పేజీ తెరిచాడు. "నీ ముద్ర ఇక్కడ ఒకటి వెయ్యి."

ఆమె వేసింది. గుండ్రటి గీత మధ్యలో 17. ఆ గీత పూర్తిగా, నున్నగా పడింది.

"కొత్తదిలా ఉందే?"

"మూడు వారాలే అయింది సార్. పాతది కిందపడి అంచు..."

తలుపు తెరుచుకుంది. ఆమె టక్కున నోరు మూసింది.

నీళ్ళ గ్లాసు పట్టుకుని ఒక పెద్దమనిషి లోపలికొచ్చాడు. క్వాలిటీ విభాగానికి అధిపతి, అందరికీ పెద్దసారు. తెల్లజుట్టు, మెత్తటి గొంతు. ఇంకో రెండు నెలల్లో రిటైరవుతాడు.

"ఏమీ తిన్లేదట కదా తల్లీ? కనీసం నీళ్ళన్నా తాగు." గ్లాసు ఆమె ముందు పెట్టి లైన్‌మాన్ వైపు తిరిగాడు. "బంగారంలాంటి పిల్లండీ. ఏదో పొరపాటు జరిగింది. పొరపాటైందని ఒక్క ముక్క రాసిచ్చేస్తే నేను పైవాళ్ళతో మాట్లాడి కేసు లేకుండా చూస్తాను. అవునూ, ముప్పై ఒకటే ఎందుకు విప్పిందో మీకేమన్నా చెప్పిందా?"

"మర వదులుగా ఉందట," అన్నాడు లైన్‌మాన్.

"అలాగా," అన్నాడు పెద్దసారు. ఆమె వైపు ఒక్క క్షణం ఎక్కువసేపు చూశాడు. "సరే తల్లీ. నేను లారీతో వెళ్ళి సరుకు అప్పగించి రావాలి. ధైర్యంగా ఉండు."

రెండూ నలభైకి లైన్‌మాన్ బయటికొచ్చేసరికి వసారాలో మేజర్ కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి ఉన్నాడు. సైన్యంలోంచి వచ్చి సెక్యూరిటీ చీఫ్ అయి ఆరేళ్ళు. మీసం మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

"ఏమయ్యా లైన్‌మాన్, స్తంభం ఎక్కడం అయిందా? ఏం కనపడింది పైనుంచి?"

"మీ నెత్తి కనపడింది మేజర్ గారూ. మధ్యలో కాస్త పల్చబడింది."

"వేళాకోళాలొద్దు. కేసు తేలిపోయింది. శనివారం సాయంత్రం అయిదింటికి నలభై ఎనిమిది ఫోన్లూ వేడిగదిలోకి వెళ్ళాయి. సోమవారం అయిదింటికి బయటికొచ్చాయి. మధ్యలో ఆదివారం, సెలవు. గేటు రిజిస్టరులో ఒక్క వర్కరు పేరు లేదు. అంటే కార్డు మారింది శనివారం అయిదు లోపు. అప్పటిదాకా ఫోన్లు ఎవరి బల్ల మీదున్నాయి? పదిహేడు బల్ల మీద. ముద్ర ఎవరిది? పదిహేడుది. ఇంకేం కావాలి నీకు?"

"అసలు కార్డు కావాలి. అదెక్కడుంది?"

మేజర్ మొహం గంటు పెట్టుకున్నాడు. "వెతుకుతున్నాం. బయటికైతే పోలేదు. నా గేటు దాటి గుండుసూది కూడా బయటికి పోదు. వర్కరైనా ఆఫీసరైనా ప్రతి సంచీ విప్పుతాం."

"ఆఫీసర్లు రిజిస్టరులో సంతకం పెడతారా?"

"పెట్టరు. ఆఫీసర్లు కదా." అన్నాక ఆ మాట తనకే నచ్చనట్టు మీసం సవరించుకున్నాడు. "సంతకం వద్దు గానీ సంచీ మాత్రం వెతుకుతాం అన్నానుగా."

"అయితే ఆదివారం ఏ ఆఫీసరొచ్చాడో మీకు తెలీదు. వేడిగది చూద్దాం పదండి."

వేడిగది అంటే ఇనప తలుపున్న చిన్న గది. చుట్టూ అరలు, పైన హీటర్లు. ఫోన్లని ఆన్ చేసి రెండ్రోజులు యాభై అయిదు డిగ్రీల వేడిలో ఉంచుతారు. బలహీనంగా ఉన్న ఫోను అక్కడే చచ్చిపోతుంది, సైనికుడి చేతిలో చావదు. రాత్రికి రావాల్సిన కొత్త బ్యాచ్ కోసం ఇప్పుడది ఖాళీగా వేడెక్కుతోంది. దాన్ని చూసుకునే ఆపరేటరు ఫ్యాక్టరీ మొత్తానికీ బాబాయే. సన్నగా, చెమటకి తడిసిన బనియనుతో స్టూలు మీంచి లేచాడు.

తలుపు పక్కన గాజు పెట్టెలో పళ్ళెమంత గుండ్రటి కాగితం తిరుగుతోంది. దాని మీద ఎర్రసిరా కలం గదిలో వేడి ఎంతుందో క్షణం క్షణం గీస్తోంది. రెండ్రోజులకి ఒక చుట్టు.

"పోయిన బ్యాచ్ కాగితం ఏది బాబాయ్?" అడిగాడు లైన్‌మాన్.

బాబాయ్ సొరుగులోంచి తీసిచ్చాడు. ఇవ్వడానికి ముందు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఎర్రగీత చుట్టూ సమంగా ఉంది. ఒక్కచోట మాత్రం లోపలికి కుంగింది. ఆదివారం, పన్నెండూ యాభై రెండు దగ్గర. పక్కనే పెన్సిలుతో రాసి ఉంది: 'తనిఖీకి తలుపు తీశాను. 2 ని.'

"నేనూ చూశానది," అన్నాడు మేజర్. "రెండు నిమిషాలు తలుపు తీశాడు, వేడి తగ్గింది. అందులో వింతేముంది?"

"ఏమీ లేదు. ఒకసారి తలుపు తియ్యి బాబాయ్. రెండు నిమిషాలు."

"ఇప్పుడా సార్?"

"ఇప్పుడే."

తలుపు తెరవగానే వేడిగాలి మొహాన కొట్టింది. లైన్‌మాన్ వాచీ చూస్తూ నిలబడ్డాడు. సరిగ్గా రెండు నిమిషాలకి తలుపు మూయించాడు. కలం యాభై దాకా దిగింది, ఆగింది, మళ్ళీ పైకి పాకింది. ఏడు నిమిషాల్లో యాభై అయిదుకి చేరుకుంది. కాగితం మీద చిన్న నొక్కు, గోరు గుచ్చినంత.

అతను ఆదివారం కాగితాన్ని దాని పక్కన పట్టుకున్నాడు.

"రెండు నిమిషాల నొక్కు ఇది. ఆదివారంది చూడండి. ముప్పై మూడు దాకా పడిపోయింది. మళ్ళీ ఎక్కడం మొదలైంది ఒంటిగంటా ముప్పైకి. పూర్తిగా ఎక్కేసరికి మూడైంది. ఈ తలుపు రెండు నిమిషాలు కాదు, దగ్గర దగ్గర నలభై నిమిషాలు తెరిచుంది. నువ్వు చెబుతావా బాబాయ్, లేకపోతే మేజర్ గారు అడగాలా?"

బాబాయ్ స్టూలు మీద కూలబడ్డాడు.

"నేను తియ్యలేదు సార్. నా పిల్లల మీద ఒట్టు. పన్నెండున్నరకి అన్నం తినడానికి గేటు పక్క షెడ్డుకి వెళ్ళాను. ఆదివారం కదా, ఎవరొస్తారులే అని నడుం వాల్చాను. కన్నంటుకుంది. తిరిగొచ్చేసరికి ఒంటిగంటా నలభై. తలుపు మూసే ఉంది గానీ కలం కింద పడుంది. నిద్రపోయానని తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని ఆ పెన్సిలు ముక్క నేనే రాశాను."

"నీ నిద్ర కోసం ఒక ఆడమనిషి జైలుకెళ్ళేదయ్యా!" మేజర్ గర్జించాడు. అంతలోనే తన మాట తనకే వినపడింది. అంటే కార్డు మారింది శనివారం కాదు. ఆదివారం వచ్చింది వర్కరు కాదు.

అతను ఒప్పుకోలేదు. మీసం ఒప్పుకోనివ్వలేదు. "ఏదైనా కానీ, ముద్ర ఆవిడదే."

"చూద్దాం. ఆ దొంగ కార్డు ఎక్కడ పెట్టారు?"

మూడూ పదిహేనుకి మేజర్ తన గదిలో బీరువా తెరిచి చిన్న కవరు తీశాడు. లైన్‌మాన్ కార్డుని కిటికీ వెలుగులో పెట్టి, పక్కన తన నోట్‌బుక్కు తెరిచాడు. భూతద్దం అక్కర్లేదు. నోట్‌బుక్కులో పదిహేడు చుట్టూ గీత పూర్తిగా ఉంది. కార్డు మీది గీతకి కిందివైపు చిన్న గాటు. ఎలుక కొరికినట్టు.

"పది నుంచి ఇప్పటిదాకా ఈ కార్డు మీ బీరువాలోనే ఉంది. పదిహేడు అన్న అంకె చూశారు, చూడ్డం ఆపేశారు."

మేజర్ ఒకసారి నోట్‌బుక్కు చూశాడు, ఒకసారి కార్డు చూశాడు. మెడ మీదికి ఎరుపు పాకింది.

"పాత ముద్ర కిందపడి అంచు విరిగిందంది. మూడు వారాల కిందే కొత్తది తీసుకుంది. ఈ బ్యాచ్ మీద ముద్రలేసింది పోయిన వారం. మరి విరిగిన ముద్ర ఎక్కణ్ణుంచి వచ్చింది? పాత ముద్రలు ఎవరికి అప్పగిస్తారు?"

ముద్రల రిజిస్టరు పక్కగదిలోనే ఉంది. మేజర్ ఎవరికీ చెప్పకుండా తనే వెళ్ళి తెచ్చాడు. మూడు వారాల కిందటి పేజీలో నీట్‌గా ఒక వరుస. 'నం. 17, పాతది అందినది. నా చేతులతో ధ్వంసం చేశాను.' కింద సంతకం.

పెద్దసారు.

"ఆయనా?" మేజర్ గొంతు పీలగా వచ్చింది. "మధ్యాహ్నం నా దగ్గరికొచ్చి ఆ పిల్లని వదిలేయమని బతిమాలాడయ్యా."

"వదిలేయమని కాదు. ఒప్పుకుంటే వదిలేయమని." లైన్‌మాన్ నోట్‌బుక్కు మూయబోయి ఆగిపోయాడు. నలభై నిమిషాలు. ఆ అంకె ఇందాకటి నుంచీ గొంతులో ముల్లులా అడ్డంపడి ఉంది. ఒక కార్డు మార్చడానికి యాభై సెకన్లు. మిగతా ముప్పై తొమ్మిది నిమిషాలు ఆయన లోపల ఏం చేశాడు?

అతను నోట్‌బుక్కు జేబులో కుక్కాడు.

"మేజర్, విప్పి చూడాల్సిన ఫోన్ల జాబితా రాసేదెవరు?"

"పెద్దసారే. కవర్లో సీలు వేసిస్తాడు. బ్యాచ్ బయటికొచ్చాకే తెరుస్తారు."

"జీఎం గదికి. పరిగెత్తండి."

జనరల్ మేనేజరు నలభై ఎనిమిదేళ్ళ మనిషి. ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరి ఆ కుర్చీ దాకా వచ్చింది. వాళ్ళిద్దరూ రొప్పుతూ లోపలికొస్తే పెన్ను కింద పెట్టింది.

"ఒక్క నిమిషంలో చెప్పేస్తాను మేడమ్," అన్నాడు లైన్‌మాన్. "నలభై ఎనిమిది ఫోన్లు. మూడు విప్పుతారని పెద్దసారుకి ముందే తెలుసు, ఎందుకంటే ఆ మూడు అంకెలూ ఆయనే రాశాడు. ఆ మూడింటినీ ముట్టుకోలేదు. పదిహేడు తన ఇష్టం వచ్చిన అంకె ఒకటి విప్పింది. అది దొంగది. ఒక్క దొంగ ఫోనే ఉంటే, నలభై అయిదింట్లో ఆమె చెయ్యి సరిగ్గా దాని మీదే పడుతుందా?"

ఆమె కుర్చీలోంచి లేచింది.

"నలభై అయిదు కార్డులు. ఒక్కోదానికి యాభై సెకన్లు. ముప్పై ఏడున్నర నిమిషాలు. తలుపు మూస్తే ఆ వేడిలో మనిషి పనిచేయలేడు, అందుకే తెరిచి పెట్టుకున్నాడు. జాబితా తప్ప ఇంకోటి ఎవరూ విప్పరని ఆయన ధైర్యం. మేడమ్, ఆ లారీలో ఉన్న ఫోన్లలో మూడు తప్ప అన్నీ దొంగవే."

"అసలు కార్డులు?"

"మేజర్ గారి గేటు దాటి సంచీలో బయటికి పోవు. కాబట్టి ఆదివారం నుంచి లోపలే ఎక్కడో ఉన్నాయి. సీలు వేసిన సైన్యం లారీని మాత్రం ఎవరూ వెతకరు."

మేజర్ అప్పటికే బల్ల మీది మామూలు ఫోనులో గేటుతో మాట్లాడుతున్నాడు. రిసీవరు పెట్టి వాళ్ళ వైపు తిరిగాడు.

"లారీ మూడూ ఇరవైకే వెళ్ళిపోయింది. పెద్దసారు తొందరపెట్టాడట. రోడ్డు ఖాళీగా ఉంటుందని."

మూడూ ముప్పై ఎనిమిది. జీఎం సొరుగు లాగింది. లోపలి నుంచి ఇటుకంత రహస్య ఫోను ఒకటి తీసి గబగబా నంబరు నొక్కింది. సైన్యం చెక్‌పోస్టు అధికారికి మాటలు తూటాల్లా వదిలింది. లారీ ఆపండి. అందులో మా క్వాలిటీ అధిపతి ఉన్నాడు, అతనే దొంగ. అతని దగ్గరున్న విరిగిన ముద్ర గుర్తు దొరికింది. మా పదిహేడో నంబరు ఇన్‌స్పెక్టరు మాకున్న ఒక్క సాక్షి.

ఆమె ఫోను కింద పెట్టింది. లైన్‌మాన్ దాన్నే చూస్తున్నాడు.

"మేడమ్, ఈ ఫోను మీకెవరిచ్చారు?"

"పోయిన బ్యాచ్‌ది. మీరు కూడా ఒకటి వాడి చూడండి మేడమ్ అని పెద్దసారే..." ఆమె ఫోనుని అతని వైపు తోసేసింది.

అతను జేబులో స్క్రూడ్రైవరు తీశాడు. నాలుగు మరలు. మూత వచ్చేసింది. లోపల కార్డు మీద వార్నిష్ గాజులా మెరిసింది. ఒక మూల ఆవగింజంత ఎర్రదీపం వెలుగుతోంది.

పొద్దున నన్ను పిలిపించిన విషయం సైన్యానికి ఈ ఫోనులోనే చెప్పి ఉంటుంది, అనుకున్నాడు లైన్‌మాన్. మనం ఏం చేస్తున్నామో ఆయనకి మొదట్నుంచీ తెలుసు.

"పదిహేడు ఎక్కడుంది?" అన్నాడు.

మేజర్ మళ్ళీ మామూలు ఫోను అందుకున్నాడు. ఈసారి సెక్యూరిటీ గదికి. అవతల గార్డు చెప్పింది విని ఫోను పెట్టడం కూడా మర్చిపోయాడు. మూడూ పదికి పెద్దసారు వచ్చాడట. అప్పగింత కాగితాల మీద ఇన్‌స్పెక్టరు సంతకం కావాలి, అయిదు నిమిషాల్లో తెస్తానన్నాడట. పెద్దసారు కదా అని పంపేశారట. లారీలో గేటు దాటింది డ్రైవరుతో కలిపి ముగ్గురు.

అప్పుడే మోగింది. వీపు విప్పి బల్ల మీద పడున్న రహస్య ఫోను.

జీఎం స్పీకరు నొక్కింది.

"మేడమ్, నమస్కారం." మెత్తటి గొంతు. "ఇందాక మీరు చెక్‌పోస్టుకి మాట్లాడింది విన్నాను. అందుకే దారిలో ఆగాను. లైను ఎంత స్పష్టంగా ఉందనుకున్నారు! మన ఫ్యాక్టరీ సరుకు కదా. ఇప్పుడు ఇదే ఫోనులోంచి మళ్ళీ వాళ్ళకి చేయండి. పొరపాటైంది, లారీని వదిలేయండి అని చెప్పండి. పది నిమిషాలు ఇస్తున్నాను. ఆ తర్వాత ఈ పిల్ల విషయంలో నేనేమీ మాటివ్వలేను."

లైన్‌మాన్ ఫోను మీదికి వంగాడు. "అమ్మాయి బతికుందని మాకెలా తెలుస్తుంది?"

"లైన్‌మాన్ గారా? మీరు తెలివైనవారు. ముప్పై ఒకటి ఎందుకు విప్పిందో నాకింతవరకూ చెప్పలేదీ పిల్ల. మీకు చెప్పే ఉంటుంది. సర్లెండి. మాట్లాడు తల్లీ."

ఊపిరి చప్పుడు. తర్వాత పదిహేడు గొంతు, వణుకుతూ.

"సార్, మా అత్తయ్య ఇంట్లో ఒక్కతే ఉంది. నేను రాకపోతే కంగారు పడుతుంది. ఈరోజు అంకె పదకొండు అని చెప్పండి సార్. ఆవిడకి అర్థమవుతుంది."

"ఏమిటా అంకె?" పెద్దసారు గొంతు పదునెక్కింది.

"మందుల డబ్బాలో అర నంబరండీ. చెప్పకపోతే ఆవిడ అన్నీ కలిపేసి మింగేస్తుంది."

ఈసారి అబద్ధం మర వదులంత నీరసంగా లేదు. ఫోను కట్టయింది.

లైన్‌మాన్ లెక్క వేసుకున్నాడు. ఈరోజు అంకె ముప్పై ఒకటి. పైగా అంకె చెప్పేది అత్త. కోడలు కాదు. ఏ రోజూ కోడలు కాదు. పదకొండు. పదకొండో కిలోమీటరు. మూసేసిన కాయిల్ షెడ్డు.

అతని మొహం చూసి మేజర్‌కి కూడా వెలిగింది. ఆ షెడ్డు తాళాలు ఆరేళ్ళుగా అతని గుత్తిలోనే ఉన్నాయి. "పదకొండో..." అంటూ నోరు తెరిచాడు.

లైన్‌మాన్ ఒక్క అంగలో వచ్చి అరచేత్తో ఆ నోరు మూసేశాడు. రెండో చేత్తో బల్ల మీది ఫోను చూపించాడు. మాట్లాడటం అయిపోయింది, ఫోను కట్టయింది. కార్డు మూల ఎర్రదీపం మాత్రం ఇంకా వెలుగుతూనే ఉంది.

వింటోంది.

లైన్‌మాన్ నోట్‌బుక్కు తెరిచి, పదిహేడు వేసిన ముద్ర కిందే రాశాడు: 'పాత కాయిల్ షెడ్డు. దీపం ఆరితే ఆయనకి తెలిసిపోతుంది, కార్డు ముట్టుకోకండి. మేడమ్, ఆయన చెప్పినట్టే చేయండి.'

జీఎం చదివింది. అలా చేస్తే నలభై అయిదు అసలు కార్డులు చెక్‌పోస్టు దాటిపోవచ్చు. చేయకపోతే మనిషి దాటిపోతుంది. ఆమె కళ్ళు ఒక్కసారి గట్టిగా మూసి తెరిచింది. ఫోను తీసుకుని, ఎర్రదీపం వైపే చూస్తూ నంబరు నొక్కింది.

"హలో, చెక్‌పోస్టా? నేనే. ఇందాక చెప్పింది పొరపాటు. లారీని వదిలేయండి." గొంతులో వణుకు లేదు.

మేజర్ మెల్లిగా లైన్‌మాన్ చేతిలోంచి పెన్ను లాక్కున్నాడు. ఉదయం నుంచి ఆ మనిషిని అన్న మాటలన్నీ గుర్తొచ్చినట్టు ఒక్క క్షణం ఆగి, రాశాడు: 'జీపు నేను నడుపుతా. నువ్వు ముందు కూర్చో.'

ఇద్దరూ చెప్పులు చేతబట్టుకుని చప్పుడు కాకుండా తలుపు దాటారు.

పది నిమిషాల్లో ఒకటిన్నర అప్పుడే అయిపోయింది. దూరం పదకొండు కిలోమీటర్లు.